మచ్చల గింజని చదివిన బార్బరా

మొన్న ఆదివారం వాన పట్టుకుంది. ఇంట్లో అందరికీ మొక్కజొన్న గారెల మీదకి మనసు పోయింది. మావారు గొడుగేసుకుని వెళ్ళి అరడజను నాటు పొత్తులు పట్టుకొచ్చారు. అత్తయ్యగారూ, నేనూ, మా అమ్మాయీ వసారాలో కూర్చుని గింజలు వలుస్తున్నాం. ఒక పొత్తు పీచు తీసేసరికి చిత్రం కనిపించింది. లేతపసుపు గింజల మధ్య అక్కడక్కడా ఊదారంగు మచ్చలున్న గింజలు! కొన్నిటి మీద కలం విదిలిస్తే సిరా చిందినట్టు సన్నటి చుక్కలు, కొన్నిటి మీద పెద్ద పెద్ద మరకలు. పుచ్చు గింజలేమో, ఏరి పారెయ్యమన్నారు అత్తయ్యగారు. మా అమ్మాయి మాత్రం ఒక గింజని అరచేతిలో పెట్టుకుని మురిసిపోతూ, ఇది పుచ్చు కాదనీ, ఇలాంటి మచ్చలు చూసే ఒకావిడ నోబెల్ బహుమతి తెచ్చుకుందనీ నానమ్మకి చెప్పింది.

ఆ మాట వాళ్ళ నానమ్మకి చెప్పినా, నాకు తగలాలనే అంది. అంతకు రెండ్రోజుల ముందే మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది మరి. ఇంటర్ బైపీసీ అయింది. అగ్రికల్చర్ బీఎస్సీలో చేరతానంటుంది. నాలుగేళ్ళు హాస్టలు, ఎండలో చేలమ్మట తిరుగుడు, ఆ తర్వాత ఎమ్మెస్సీ అంటుంది, ఆ పైన రీసెర్చి అంటుంది. ఇక పెళ్ళెప్పుడు? పక్క ఊళ్ళోనే ఫార్మసీ కాలేజీ ఉంది, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు కదా అన్నాను. అది మొహం ముడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

అన్నది ఎవరనుకున్నారు? బోటనీతో బీఎస్సీ చదివిన నేను! ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసిన నెలకే నా మెడలో తాళి పడింది. రంగు పెన్సిళ్ళతో విత్తనాల బొమ్మలు వేసిన రికార్డు పుస్తకాలు ఇప్పటికీ మా పుట్టింటి అటక మీదే ఉన్నాయి. అమ్మాయి చెప్పిన ఆ బార్బరా మెక్లింటాక్ పేరు అప్పుడు నేనూ చదివాను, నాలుగు మార్కుల ప్రశ్న కోసం. ఆవిడ బతుకు మాత్రం చదవలేదు. ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఆవిడ గురించి చదవడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. మీతో కూడా చెప్పాలనిపించి ఇలా కూర్చున్నాను.

బార్బరా 1902 జూన్ 16న అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. నలుగురు పిల్లల్లో మూడోది. మొదట పెట్టిన పేరు ఎలినార్. ఈ పిల్ల తీరుకి ఆ పేరు మరీ సుకుమారంగా ఉందని తల్లిదండ్రులే బార్బరా అని మార్చారు. నాన్న హోమియోపతి డాక్టరు. ప్రాక్టీసు కుదురుకోక ఇల్లు గడవడం కష్టంగా ఉన్న రోజులు. పిల్లని కొంతకాలం మసాచుసెట్స్‌లో బంధువుల ఇంట ఉంచారు. 1908లో కుటుంబం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి మారింది. ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోవడం, మగపిల్లలతో సమానంగా ఆటలాడటం, చెట్లెక్కడం... ఇవీ ఆ పిల్ల సరదాలు.

వాళ్ళమ్మ సారా విచిత్రమైన మనిషి. కూతురు హాయిగా ఆడుకోవడానికి వీలుగా గౌనుకి జతగా లాగూలు కుట్టించేది. ఆడపిల్లవి, ఆడపిల్లలా ఉండమని ఎదురింటావిడ బార్బరాకి సుద్దులు చెప్పబోతే, మా పిల్ల సంగతి మీకెందుకని ఫోన్లోనే గట్టిగా అడిగేసిందట! అంత వెనకేసుకొచ్చిన తల్లి, హైస్కూలు అయ్యాక కూతురు కాలేజీ అనేసరికి మాత్రం అడ్డం తిరిగింది. మరీ చదివేస్తే ఆ పిల్లని ఎవరు చేసుకుంటారని ఆవిడ భయం. డబ్బు ఇబ్బంది కూడా ఉండనే ఉంది.

ఇక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయిందంటే నమ్మండి. చెట్టెక్కుతుంటే కింద నిలబడి కాపలా కాసిన అమ్మే, చదువు మెట్టు దగ్గర చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడ చెడ్డదై కాదు, భయపడి. వందేళ్ళ కిందటి బ్రూక్లిన్‌లో ఆ తల్లి అన్న మాటనే నేను మా వసారాలో అన్నానన్నమాట!

అప్పుడు బార్బరా ఏం చేసిందో తెలుసా? ఏడుస్తూ కూర్చోలేదు. ఉద్యోగాలు చూపించే ఒక ఏజెన్సీలో పనికి కుదిరి, ఖాళీ దొరికితే లైబ్రరీకి పోయి సొంతంగా చదువుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టరుగా వెళ్ళిన నాన్న తిరిగొచ్చి, కూతురి పక్షాన నిలబడ్డాడు. 1919లో కార్నెల్ విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాలలో చేరింది. చూశారా, అగ్రికల్చరే! అక్కడ ఫీజు లేకపోవడం వాళ్ళకి కలిసొచ్చింది. 1923లో బీఎస్సీ, 1925లో ఎమ్మెస్, 1927లో పీహెచ్‌డీ. మధ్యలో జాజ్ బృందంలో బాంజో కూడా వాయించింది. నిద్ర చాలక, పొద్దున పాఠాలకి లేవలేక అది మానేసిందట.

ఆవిడ ఎంచుకున్నది మొక్కజొన్న. ఎందుకంటారా? పొత్తులో ఒక్కో గింజా విడి బిడ్డ. పొత్తు చివర వేలాడే పీచు ఉంది చూడండి, అందులో ఒక్కో పోగు ఒక్కో గింజ దాకా పోతుంది. ఆ పోగు మీద పడిన పుప్పొడిని బట్టి ఆ గింజ రంగూ రూపూ ఉంటాయి. అందుకే ఒకే పొత్తులో వందల మంది తోబుట్టువులని ఒక్కసారిగా పోల్చి చూడొచ్చు. కావలసిన పుప్పొడి తప్ప వేరేది పడకుండా పీచుకి సంచులు కట్టి, ఎండలో చేలో నిలబడి, ప్రతి మొక్క పుట్టుపూర్వోత్తరాలూ రాసిపెట్టుకునేది బార్బరా. రాత్రిళ్ళు మైక్రోస్కోపు. కణంలో జన్యువులని మోసే దారపు ముక్కల్లాంటివే క్రోమోజోములు. మొక్కజొన్నలో అవి పది జతలు. రంగు వేసి చూసి, ఏది ఏదో మొదటిసారి విడివిడిగా గుర్తుపట్టింది ఆవిడే. 1931లో తన దగ్గర పనిచేసే హారియట్ క్రైటన్ అనే అమ్మాయితో కలిసి, జన్యువులు చేతులు మారేటప్పుడు క్రోమోజోముల ముక్కలు నిజంగానే ఒకదాని నుంచి ఇంకొకదానికి మారతాయని కళ్ళకి కట్టినట్టు నిరూపించింది. ఇద్దరు ఆడవాళ్ళు చేసిన ఆ పని జన్యుశాస్త్రానికి ఒక మూలస్తంభం అయింది.

అంత చేసినా కుదురైన ఉద్యోగం లేదు! మూడు నాలుగేళ్ళు ఫెలోషిప్పుల మీద ఊరూరా తిరిగింది. 1936లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు దొరికింది. ఒక ఆదివారం తాళంచెవి మర్చిపోతే, గోడెక్కి కిటికీలోంచి తన ల్యాబులోకి దూకిందట. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అక్కడ తనకి భవిష్యత్తు లేదని తేలిపోయాక 1941లో ఆ ఉద్యోగం వదిలేసింది. చేతిలో ఇంకో ఉద్యోగం లేదు. వయసు ముప్ఫై తొమ్మిది. ఇంచుమించు నా వయసు! ఆ ఏడే న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయం ఆవిడకి చోటిచ్చింది. చనిపోయేదాకా, యాభై ఏళ్ళూ అదే ఆవిడ ఇల్లూ పొలమూను.

ఇప్పుడు కాస్త గింజ సంగతి చెప్పుకుందాం. భయపడకండి, పాఠం కాదు!

పూలు పూసే మొక్కల్లో గర్భధారణ ఒక్కసారి కాదు, రెండుసార్లు జరుగుతుంది. పుప్పొడి నుంచి రెండు బీజకణాలు వస్తాయి. ఒకటి అండంతో కలిసి అంకురం అవుతుంది. అంటే రేపటి మొక్క. రెండోది గింజలోనే ఉన్న మరో కణంతో కలిసి, అంకురానికి తిండి దాచిపెట్టే భాగం అవుతుంది. దాన్నే మన పుస్తకాల్లో అంకురచ్ఛదం అంటారు. మనం తినే అన్నంలో తెల్లటి భాగం అదే. కొబ్బరికాయలో నీళ్ళూ, కొబ్బరీ కూడా అదే. కాబట్టి అది అంకురానికి అమ్మ కాదండీ, కవల తోబుట్టువు. ఒకే కాన్పు, ఒకే గది, ఇద్దరికీ అవే జన్యువులు. కానీ ఒకరు మొక్కగా పెరగాలి, ఒకరు తిండిగా మారాలి. జన్యువులు అవే అయినప్పుడు రాత ఇంత వేరుగా ఎందుకుంది?

ఈ ప్రశ్న బార్బరాని పట్టుకుంది. అప్పటికే ఆవిడ ఒక వింత చూసింది. తెగిపోయిన క్రోమోజోమున్న గింజలో, అంకురంలో అయితే ఆ తెగిన కొస మానిపోతోంది. అంకురచ్ఛదంలో మానడం లేదు. కణం చీలినప్పుడల్లా మళ్ళీ అతుక్కుని మళ్ళీ తెగుతోంది. అదే గాయం, అదే గింజ. ఒకచోట మానుతుంది, ఇంకోచోట మానదు! అంటే జన్యువులు ఉండటమే చాలదు, ఎక్కడ ఏది పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే ఏర్పాటేదో ఉందన్నమాట.

1944 వేసవి నుంచి అలాంటి మొక్కల్ని పెంచుతుంటే ఈ మచ్చలు కంటపడ్డాయి. ఒక మొక్క ఆకు మీద పక్కపక్కనే రెండు చారలు. ఒకదానిలో ఏది తగ్గిందో రెండోదానిలో అది పెరిగింది. కణం రెండుగా చీలేటప్పుడు ఒకరి సొత్తు ఇంకొకరికి పోయిందని ఆవిడకి తట్టింది. ఏళ్ళ తరబడి గింజలు వరసగా పేర్చుకుని చూసి, తేల్చింది. క్రోమోజోముల్లో కొన్ని ముక్కలు స్థిరంగా ఉండవు, చోటు మారతాయి. ఆ ముక్క వెళ్ళి రంగునిచ్చే జన్యువు మధ్య కూర్చుంటే రంగు ఆగిపోతుంది. గింజ పెరుగుతుండగా ఏదో ఒక కణంలోంచి అది లేచి వెళ్ళిపోతే, ఆ కణానికి పుట్టిన పిల్లకణాలన్నిటికీ రంగు తిరిగొస్తుంది. అదే మచ్చ! ముక్క ముందుగా లేచిపోతే పిల్లకణాలు ఎక్కువ, పెద్ద మరక. ఆఖర్లో లేచిపోతే చిన్న చుక్క. మచ్చ సైజు చూసి, జన్యువు ఏ వేళకి మేలుకుందో చెప్పగలిగేది బార్బరా. ముగ్గులో చుక్కలు చూసి ఏ ముగ్గో చెప్పేసే మా అమ్మమ్మ గుర్తొచ్చింది నాకు.

అప్పటికి ఆవిడ అనామకురాలేం కాదు. 1944లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన మూడో మహిళ. 1945లో జెనెటిక్స్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలు. అయినా 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో ఈ సంగతి వివరంగా చెబితే, సభ మౌనంగా ఉండిపోయింది. జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా కదలకుండా ఉంటాయని నమ్మే రోజులవి. పూస లేచి ఇంకోచోటికి పోతుందంటే ఎవరికి నమ్మకం కుదురుతుంది? కొందరికి అర్థం కాలేదు. అర్థమైన కొందరు, ఇదేదో మొక్కజొన్న వరకేలే అని పక్కన పెట్టారు. ఆవిడంటే గౌరవం తగ్గలేదు కానీ, ఆవిడ వెంట నడిచినవాళ్ళు బహు తక్కువ. 1953 తర్వాత ఆవిడ పత్రికలకి వివరంగా రాయడం చాలామటుకు తగ్గించేసింది.

రాయడం తగ్గించింది. పని మాత్రం మానలేదు. ఏటా విత్తడం, ఏటా సంచులు కట్టడం, ఏటా గింజలు పేర్చి చూడటం. తన సంస్థ వార్షిక నివేదికల్లో మాత్రం చేసిందంతా రాసిపెట్టేది. వింటారో లేదో అని ఎదురుచూసే మనస్తత్వం కాదు. మనమైతే వండిన కూర బాగుందని ఎవరూ అనకపోతేనే రెండ్రోజులు మొహం మాడ్చుకుంటాం కదూ!

1961లో ఫ్రాన్స్‌లో జాకబ్, మోనో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బాక్టీరియాలో జన్యువుల్ని పనిచేయించే, ఆపే ఏర్పాట్లుంటాయని చూపించారు. బార్బరా సంతోషించి, మొక్కజొన్నతో దాన్ని పోలుస్తూ ఆ ఏడే వ్యాసం రాసింది. 1960ల చివర్లో బాక్టీరియాలోనే చోటు మారే ముక్కలు కనబడ్డాయి. అప్పుడు లోకం వెనక్కి తిరిగి ఆవిడ చేను వైపు చూసింది. 1980ల మొదట్లో నీనా ఫెడొరాఫ్ అనే శాస్త్రవేత్తా, ఆవిడ సహచరులూ బార్బరా చెప్పిన ఆ ముక్కల్నే మొక్కజొన్న డీఎన్ఏ నుంచి విడదీసి చూపించారు.

1983 అక్టోబరులో నోబెల్ ప్రకటించారు. ఆవిడ ఇంట్లో ఫోను లేదు, రేడియోలో విని తెలుసుకుంది. వయసు 81. వైద్యశాస్త్రంలో ఆ బహుమతిని ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న మొదటి మహిళ. 2025 వరకూ చూసినా ఒకే ఒక్క మహిళ! ఆ పొద్దున ఆవిడ ఎప్పటిలాగే వాల్‌నట్ కాయలు ఏరుకోవడానికి బయటికి నడిచిందని చెబుతారు. పెళ్ళి చేసుకోలేదు. తొంభై ఏళ్ళ నిండు వయసులో 1992 సెప్టెంబరు 2న కన్నుమూసింది. ఆవిడ ఊహించినవన్నీ అచ్చంగా అలాగే నిజం కాలేదు. మొక్క పెరుగుదలని నడిపేదంతా ఆ చోటు మారే ముక్కలేనని ఆవిడ అనుకుంది. అందుకు వేరే ఏర్పాట్లు చాలా ఉన్నాయని తర్వాత తేలింది. కానీ ముక్కలు కదలడం నిజం. మన మనుషుల డీఎన్ఏలో కూడా దాదాపు సగం అలాంటి ముక్కల ఆనవాళ్ళేనట! అన్నిటికీ మించి, ఆవిడ అడిగిన ప్రశ్న సరైనది.

ఆ ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళకి గింజలో ఇంకో సంగతి కనిపించింది. గింజ ముదిరేటప్పుడు పిండి నింపుకున్న కణాలు చచ్చిపోతాయి. ఎండదెబ్బకో, రోగానికో కాదు. ఏ వేళకి ఏ జన్యువు మేలుకోవాలో ఉన్నట్టే, ఏ కణం ఎప్పుడు పోవాలో కూడా లోపలే రాసిపెట్టి ఉంటుంది. మొక్కజొన్నలో పరాగసంపర్కం జరిగిన రెండు వారాలు దాటాక గింజ నడిమధ్యలో మొదలై, క్రమంగా మిగతా భాగానికి పాకుతుంది. ముడుతలు పడే ఒక రకం మొక్కజొన్నలో ఈ చావు మామూలుకంటే ముందే వస్తుందనీ, అందులో ఇథిలీన్ వాయువు పాత్ర ఉందనీ 1997లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదేనండీ, అరటిపళ్ళు మగ్గేటప్పుడు వచ్చే వాయువే. చచ్చిన కణాలు కుళ్ళిపోవు, పిండితో నిండిన గాదెల్లా అలాగే నిలబడి ఉంటాయి, మొలకెత్తే రోజుదాకా.

ఇది చదివినప్పుడు, అచ్చం అమ్మలాగే అని కళ్ళు చెమర్చాయి నాకు. ఇంకొకరి కోసం కరిగిపోవడమే గొప్పని చిన్నప్పట్నుంచీ విన్నాం కదా! కానీ తర్వాతి పేజీలో ఇంకో మాట ఉంది. ఆ అంకురచ్ఛదంలోనే అన్నిటికన్నా పైన ఒక పొర ఉంటుంది. పేరు అల్యూరోన్. మొక్కజొన్నలో ఒకే ఒక్క కణం మందం. అదీ ఆ కాన్పులో పుట్టిందే, దాని జన్యువులూ అవే. కానీ గింజ ఎండినా అది చావదు. బతికే ఉండి, గింజకి నీళ్ళు తగిలినప్పుడు పిండిని కరిగించే ఎంజైములు తయారుచేస్తుంది. రాగులు మొలకకట్టి పిండి పడితే తియ్యగా ఉంటుందే, అందులో ఆ పొర చలవ ఉంది. తన పని అయ్యాకే అదీ సెలవు తీసుకుంటుంది. వడ్లు తెల్లగా పట్టించుకున్నప్పుడు తవుడులో పోయేది కూడా ఆ పొరే.

ఇంతకీ బార్బరా యాభై ఏళ్ళు చదివిన ఆ ఊదా మచ్చలు ఏ పొరలో ఉంటాయనుకున్నారు? ఈ బతికుండే పొరలోనే!

తోబుట్టువుకి తిండి పెట్టడానికి అందరూ చావక్కర్లేదని గింజకే తెలుసు. పిండి కణాల పని పిండి కణాలది, పై పొర పని పై పొరది. ఎవరి వేళ వాళ్ళది. ఆ వేళకి ముందే ఎవరైనా నొక్కేస్తే గింజ ముడుచుకుపోతుంది.

మర్నాడు పొద్దున అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నారు. ఆవిడ ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పిల్లకి మట్టంటే ఇష్టమైతే మట్టిలోకే పోనివ్వమ్మా, మన వంశంలో వ్యవసాయం తెలియనివాళ్ళెవరు అన్నారు మెల్లగా. డిగ్రీ చదివిన నాకు ఆ మాట ముందు తట్టలేదు చూశారా!

వచ్చే వారం కౌన్సెలింగ్. ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కనే కూర్చుని, అగ్రికల్చర్ బీఎస్సీనే మొదట పెట్టమని చెప్పాను. అది నమ్మలేనట్టు చూసి, నా భుజం మీద తల ఆనించింది. భయం పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. హాస్టల్లో తిండెలా ఉంటుందో, ఎండకి తట్టుకుంటుందో లేదో... అమ్మల భయాలు అంత తొందరగా పోతాయా! కాకపోతే భయం నాది, చదువు దానిది. రెండూ కలపకూడదని తెలుసుకున్నాను.

ఆ మచ్చల గింజల్ని గారెల్లో వెయ్యలేదు. ఆ పొత్తుని అలాగే ఎండబెట్టి కిటికీలో పెట్టాను. బాగా ఎండాక, పెరట్లో మందారం పక్కన నాలుగు గింజలు నాటుదామని మా అమ్మాయి అంటోంది. ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు అటకెక్కి నా రికార్డు పుస్తకాలు దింపుకొస్తాను. అందులో విత్తనం బొమ్మలో ఆ పై పొరకి నేనేం రంగు వేశానో చూడాలనుంది.